మా బస్తీ దవాఖానా: గోలీలున్నాయి, చెప్పే మనిషి కావాలి

అమ్మ బీపీ కోసం మా గల్లీ చివర ఉన్న సర్కారు బస్తీ దవాఖానాకు తిరుగుతున్నాం కాబట్టి రాస్తున్నా. 2018లో హైదరాబాద్‌లో మొదలయ్యాయి ఇవి, మా దగ్గర ఒక డాక్టరమ్మ, ఒక సిస్టర్, ఒక ఆయా, అంతే సిబ్బంది. ఓపీ చీటీకి పైసా లేదు, బీపీ, షుగర్ గోలీలు అక్కడే ఇస్తారు, రక్తం తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపిస్తే రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. ఇవే పరీక్షలకు బయట ఎంత గుంజుతారో మీకు తెలిసిందే.

నాకు బాగా నచ్చింది మాత్రం సిస్టర్. మొన్న ఒక పెద్దమ్మ "పోయినసారి నార్మల్ అన్నరు గదా, గోలీలు బంద్ చేసిన" అంది, చూస్తే పై నంబర్ 170 దాటింది. సిస్టర్ కోప్పడలేదు. "నార్మల్ వచ్చిందంటే గోలీ పనిచేస్తున్నట్టు పెద్దమ్మా, రోగం పోయినట్టు కాదు" అని, అంతటితో వదలకుండా ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుంది, ఇంట్లో ఎంతమంది అని అడిగింది. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలట, ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులైనా రావాలి. పెద్దమ్మ ఇంట్లో నెల కూడా రాదు, పచ్చళ్లు, అప్పడాలు వేరే. అప్పుడు చూడాలి ఆమె మొహం!

ఇంత చెప్పేసరికి వెనక లైన్‌లో గొణుగుడు మొదలైంది, వాళ్లనీ అనలేం, పని మానుకుని వచ్చినవాళ్లు. గోడ మీద పోస్టరేమో ఇంగ్లిష్‌లో, దాని మీద బ్రకోలీ బొమ్మ. మా బస్తీలో తెలుగు, ఉర్దూ చదివేవాళ్లు ఉన్నారు గానీ బ్రకోలీ తినేవాళ్లను నేనైతే చూడలేదు.

సర్కారును అడగాల్సింది ఇక్కడే. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, ఇప్పుడు పరిమితి 10 లక్షలు, డయాలసిస్‌కూ పనికొస్తుంది, అందులో రూపాయి కూడా తగ్గించమని అనను. కానీ బీపీ, షుగర్ ఏళ్ల తరబడి పట్టించుకోక కిడ్నీలు పోయాక ఖర్చు పెట్టే సర్కారు, పోకముందే కూర్చోబెట్టి చెప్పే మనిషికి జీతం ఎందుకు పెట్టదు? ఆరోగ్య నిధుల్లో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే వెళ్లాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో కేంద్ర సర్కారే రాసుకుంది మరి.

వానాకాలం సంగతీ ఇంతే. రోనాల్డ్ రాస్ 1897లో దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, అయినా దోమ అనగానే మనకు ఫాగింగ్ బండే గుర్తొస్తుంది. ఆ పొగకు ఎగిరే దోమలు చస్తాయేమో గానీ డ్రమ్ము నీళ్లలో ఈదే దోమ పిల్లలకు ఏమీ కాదు, డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పట్టేది వారం పదిరోజులే, అందుకే వారానికోసారి డ్రమ్ములు, కూలర్లు వంచి కడగమనేది. ఈ మాట ఇంటింటికీ చేర్చే ఆశా అక్కలకు వచ్చేది పారితోషికం, జీతం కాదు.

గోలీలకు, పరీక్షలకు 4 స్టార్లు, సిస్టర్‌కు 5. జబ్బు రాకుండా చెప్పే ఏర్పాటుకు 1, అది కూడా సిస్టర్ పుణ్యమే. దవాఖానాకు ఒక కౌన్సెలర్‌ను వేసి, తెలుగు, ఉర్దూ పోస్టర్లు అంటిస్తే మార్చి రాస్తా. పరగడుపు రక్తపరీక్ష ఉన్నవాళ్లు పొద్దున్నే వెళ్లండి, మా దగ్గర మధ్యాహ్నం దాటితే శాంపిల్ తీసుకోరు.