పడవలన్నీ ఇక్కడే ఉన్నాయి, మరి చేపెక్కడిది?

మే నెలాఖరులో నేను, మా ఆవిడ, మా అత్తగారు విశాఖ వెళ్ళాం. అత్తగారిది భీమిలి. హైదరాబాద్ వచ్చి నలభై ఏళ్ళయినా ఇక్కడి చేపని ఆవిడ చేపగా ఒప్పుకోరు. అందుకే చివరి రాత్రి భోజనం ఫిషింగ్ హార్బర్ కనబడే చోటే చెయ్యాలని, పాత ఊరి వైపు మేడ మీదున్న ఒక సీఫుడ్ రెస్టారెంట్‌లో కిటికీ పక్క టేబుల్ ముందే చెప్పి ఉంచాను.

కిటికీ మాత్రం బంగారం. కింద మరబోట్లు అగ్గిపెట్టెలో పుల్లల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. 2023 నవంబరులో అర్ధరాత్రి మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు బూడిదైంది ఈ హార్బర్‌లోనే. ఇంత దగ్గర దగ్గరగా కడితే ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకోవడానికి ఎంతసేపు! అవతల చీకట్లో డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్ వెలుగు. మధ్యలో పోర్టుకి వెళ్ళే ఓడల దారి. ఒక పెద్ద ఓడ లోపలికి వస్తుంటే కొండే కదులుతోందేమో అనిపించింది. మా ఆవిడ ఫోన్ కింద పెట్టలేదు.

అత్తగారు కాసేపు చూసి, "ఏటి బాబూ, పడవలన్నీ ఇక్కడే ఉన్నాయి. మరి చేపెక్కడిది?" అన్నారు.

నాకు అప్పుడు వెలిగింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. హార్బర్ అంత నిండుగా, అంత అందంగా కనబడుతోందంటే సముద్రంలో బోట్లు లేవన్నమాట! నేను వ్యూకి డబ్బు కట్టి మరీ చేపల్లేని సీజన్‌ని బుక్ చేసుకున్నాను.

వెయిటర్ కుర్రాడు నిజాయితీపరుడు, అడిగితే దాచలేదు. వంజరం ఐసుది, రొయ్యలూ పండుగప్పా చెరువువి, తాజావి కావాలంటే తెప్పల వాళ్ళు తెచ్చిన నెత్తళ్ళు ఉన్నాయన్నాడు. అడక్కపోతే చెప్పేవాడా అన్నది వేరే సంగతి. మెనూలో చేపల ఎదురుగా ధర లేదు, "సైజుని బట్టి" అని ఉంది. ఇలాంటి చోట తూకం వేయించి, రేటు నోటితో చెప్పించుకున్నాకే వంటింట్లోకి పంపాలి. నేను మొహమాటపడ్డాను. రెండు వంజరం ముక్కలకి 980 రూపాయలు పడింది. తాజా వంజరం వేలు పెడితే పొరలు పొరలుగా విడిపోవాలి. ఇది పీచులా సాగింది. పైన మసాలా దట్టంగా పట్టించారు గానీ ఐసు వాసన దాగలేదు.

నెత్తళ్ళ వేపుడు మాత్రం అదిరింది. కరకరలాడుతూ, కరివేపాకుతో, 260 రూపాయలకే. ఇంకో ప్లేటు చెప్పాం. మెనూలో లేకపోయినా అత్తగారు నెత్తళ్ళలో మామిడికాయ వేసి పులుసు పెట్టగలరా అని అడిగారు. కుదరదన్నారు. మే నెలలో, విశాఖలో, మామిడికాయ లేదా? ఆ కోపం ఆవిడకి బస దాకా తగ్గలేదు.

బస గురించి కూడా ఒక మాట. మేం బీచ్ రోడ్డులో దిగాం. పొద్దున్నే నడకకి హాయిగానే ఉంటుంది గానీ, చేపల కోసం వెళ్ళేవాళ్ళకి ఊళ్ళో జగదాంబ సెంటర్ చుట్టుపక్కలే మేలు. తెల్లారేసరికి హార్బర్‌లో ఉండాలంటే అక్కడి నుంచి ఆటో ఎక్కడమే సుఖం.

మళ్ళీ సెప్టెంబర్‌లో పని మీద వెళ్తూ అత్తగారిని తీసుకెళ్ళాను. ఈసారి ముందు హార్బర్‌కి. రబ్బరు చెప్పులు వేసుకెళ్ళండి, నేలంతా చేపల నీళ్ళే. వేలంపాట అరుపుల మధ్య అత్తగారు బుట్ట బుట్టా ఆగి, చేప కళ్ళు చూసి, మొప్పలు ఎత్తి చూసి, ఇవాళ వంజరం బాగా పడిందని తేల్చారు. ఇక్కడివాళ్ళు దాన్ని కోనాం అంటారు. మధ్యాహ్నం అదే రెస్టారెంట్, అదే కిటికీ. కింద సగం హార్బర్ ఖాళీ, నూనె తేలే నీళ్ళు, ఫొటోకి పనికొచ్చేదేమీ లేదు. ఈసారి ముక్కలు తూకం వేయించాను, రేటు అడిగాను. కారం కొంచెం ఎక్కువైంది, అన్నం చల్లారిపోయి వచ్చింది, బిల్లుకి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు.

"ఎలా ఉంది అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ ముల్లు తీస్తూ, తల ఎత్తకుండానే, "ఇంకో ముక్క చెప్పు బాబూ" అన్నారు.