కిన్స్‌మెన్: విజయనగరం వయొలిన్ ఉన్న జాజ్ ఆల్బమ్

జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి అని మా విజయనగరం వాళ్లెవరైనా అడిగితే నేను చెప్పే పేరు ఒక్కటే, కిన్స్‌మెన్. 2008లో పై రికార్డింగ్స్ (Pi Recordings) అనే కంపెనీ వాళ్లు విడుదల చేశారు. దీన్నే ఎందుకు చెబుతానంటే ఇందులో వయొలిన్ వాయించింది అవసరాల కన్యాకుమారి గారు. మన ఊళ్లో పుట్టి, ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర పాఠం మొదలుపెట్టి, తర్వాత మద్రాసు వెళ్లి గాయని ఎం.ఎల్. వసంతకుమారి గారికి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించి, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్న ఆవిడ. ఆ గౌరవం దక్కిన మొదటి మహిళా వయొలినిస్టు కూడా ఆవిడే. అలాంటి మనిషి అమెరికన్ జాజ్ రికార్డులో ఉన్నారన్న సంగతి ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు నడిపిన మ్యూజిక్ కాలేజీ ఉన్న ఈ ఊళ్లో ఇంకా చాలామందికి తెలియాలి.

ఆల్బమ్ రుద్రేశ్ మహంతప్పది. కన్నడ కుటుంబం, 1971లో ఇటలీలో పుట్టి అమెరికాలో కొలరాడోలో పెరిగాడు, అమెరికన్ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌ని వింటూ ఆల్టో రకం శాక్సఫోన్ పట్టాడు. బర్క్‌లీ మ్యూజిక్ కాలేజీలో చదువుకునే రోజుల్లో వాళ్లన్నయ్య సరదాకి ఒక సీడీ ఇచ్చాడట, అది శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించే కద్రి గోపాల్‌నాథ్ గారిది. ఆ సీడీ అక్కడితో ఆగలేదు, కొన్నేళ్లకి ఆ కద్రి గారినే పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన్ని దృష్టిలో పెట్టుకుని స్వరాలు రాసుకుని రికార్డు చేశాడు. కంపోజర్‌గా అతని మీద నాకు గౌరవం అక్కడే పెరిగింది. రాగం తెచ్చి మన చేతిలో పెట్టి, వెనకాల కీబోర్డు, డ్రమ్స్ వేసి ఫ్యూజన్ అనేసే రికార్డులు ఎన్ని విన్నామో. వాటిలో మన విద్వాంసులు అలంకారానికి ఉంటారు, ఇందులో అలా కాదు, కద్రి గారు లేకపోతే ఈ సంగీతమే లేదు.

కద్రి గారి గురించి ఒక మాట. తండ్రి నాగస్వర విద్వాంసుడు, ఈయన మాత్రం మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ చూసి దానికే అతుక్కుపోయారు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలకడం, దాని మీద పలికించడమంటే మాటలు కాదు, శాక్సఫోన్‌కి మీటలుంటాయి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడానికి వయొలిన్ తీగ మీద వేలు జారినంత తేలికగా దారి ఉండదు. అందుకని వాయిద్యాన్నే మార్పించుకున్నారు, ఊపిరితో, పెదవులతో సాధించారు. ఆయన శబ్దం పెళ్లి సన్నాయిలా ఉంటుంది, మన చెవికి వెంటనే పట్టేస్తుంది. పక్కనే అదే ఆల్టో మీద మహంతప్పది పదునుగా, విరుపులు విరుపులుగా వస్తుంది. ఒకే వాయిద్యం ఇద్దరి చేతిలో ఇంత వేరుగా పలకడం వినాలంటే ఈ ఆల్బమే. మొదట్లో ఎవరు ఎవరో తెలియకపోవచ్చు, గణేశ ట్రాక్ రెండు మూడుసార్లు వింటే తెలిసిపోతుంది.

బృందం కూర్చిన తీరు చూడండి: రెండు శాక్సఫోన్లు, వయొలిన్‌కి ఎదురుగా రెజ్ అబ్బాసీ గిటార్, పూవలూర్ శ్రీజి మృదంగానికి ఎదురుగా రాయల్ హార్టిగన్ డ్రమ్స్, మధ్యలో కార్లో డి రోసా బేస్. అటు ఒకరు, ఇటు ఒకరు. జాజ్‌లో సోలో వాయించేవాడు సాధారణంగా మారిపోయే కార్డ్స్ (ఒకేసారి కలిపి వాయించే స్వరాల గుంపులు) వెంట పరిగెడతాడు, మనవాళ్లు ఒక్క రాగంలోనే ఉండి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే నేర్పు, చూపిస్తారు, ఈ రెండూ ఒకే చోట కుదరడం చాలా కష్టం. మహంతప్ప రాగం మీద కార్డ్స్ కుప్ప పోయలేదు, ఆగి చోటిచ్చాడు. అందుకే కల్యాణి అనే ట్రాక్‌లో మనకి రాగం ఎక్కడా తప్పిపోదు.

మధ్యమధ్యలో చిన్న చిన్న ఆలాపనలున్నాయి, వాయించినవాళ్ల పేర్లతోనే. కన్యా ఆలాప్ కన్యాకుమారి గారిది. నేను ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు పెట్టుకునేది అదే, కమాను నిదానంగా లాగుతూ ఒక్కో స్వరాన్ని వదలకుండా తేల్చడం వింటుంటే అయ్యకోనేరు దగ్గర సాయంత్రం నడుస్తున్నా కాళ్లు ఆగిపోతాయి. అది ముగిసి మళ్లీ అందరూ కలిసి వచ్చినప్పుడు ఆవిడ ఎక్కడా తగ్గలేదు, డ్రమ్స్ హోరులో కూడా వయొలిన్ తన మాట తాను చెబుతుంది. వయొలిన్ కూడా ఒకప్పుడు బయటి నుంచి వచ్చిందే కదా, శాక్సఫోన్ వచ్చిందని ముఖం చిట్లించే పెద్దలకి నేను అదే చెబుతాను.

నచ్చనిది కూడా చెప్పాలి. వేగం పెరిగిన చోట డ్రమ్స్, బేస్ కలిసి మృదంగాన్ని మింగేస్తాయి, శ్రీజి గారి చేతిలో ఏం జరుగుతోందో చెవులు రిక్కించి వినాలి. ఫోన్ స్పీకర్ మీద అయితే అసలు వినిపించదు, మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఒక్కసారిగా మొత్తం వినడం కూడా కొత్తవాళ్లకి బరువే. కన్యా ఆలాప్, తర్వాత కల్యాణి, తర్వాత గణేశ, ఈ వరసలో వెళ్తే తేలిక. నేను డిజిటల్‌గా కొనుక్కున్నాను, పెట్టిన డబ్బుకి ఎక్కువే వచ్చింది. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో అయితే తప్పకుండా ఉండాలి, ముఖ్యంగా వయొలిన్ నేర్చుకునే అమ్మాయిలున్న చోట.

కద్రి గారు 2019లో పోయారు, ఇక ఆ జోడీని వేదిక మీద చూడలేం. మహంతప్ప మాత్రం ఆగలేదు, 2013లో గమక్, 2015లో పార్కర్ సంగీతం ఆధారంగా బర్డ్ కాల్స్ అనే ఆల్బమ్‌లు చేశాడు, 2016 నుంచి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జాజ్ విభాగం బాధ్యత కూడా తీసుకున్నాడు. కిన్స్‌మెన్ నచ్చినవాళ్లు తర్వాత ఆప్టీ వినండి, అదీ 2008దే, కరాచీలో పుట్టిన అబ్బాసీ గిటార్, డాన్ వైస్ తబలా, ముగ్గురే ఉంటారు. గమక్ ఇంకాస్త ఘాటు, దాన్ని చివర పెట్టుకోండి.