ధ్యాసను గమనించుకోవాలా, పనిని లెక్కపెట్టుకోవాలా?

అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలకు స్వీయ పర్యవేక్షణ, అంటే తమ ధ్యాసనో పనినో తామే గమనించి నమోదు చేసుకోవడం, నేర్పాలనుకునే గుంటూరు, విజయవాడ ఉపాధ్యాయులకు ఎదురయ్యే ప్రశ్న ఇది.

ధ్యాస పద్ధతిలో, కొద్ది నిమిషాలకోసారి, ముందుగా ఊహించలేని వ్యవధుల్లో సంకేతం వినిపించగానే విద్యార్థి ‘నేను పని మీదే ఉన్నానా?’ అని తనను ప్రశ్నించుకుని, కాగితంపై అవును లేదా కాదు గడిలో టిక్కు పెడతాడు. పని పద్ధతిలో సంకేతం ఉండదు. పది లెక్కలు పూర్తయ్యాక జవాబులతో సరిచూసుకుని, ఎన్ని సరిపోయాయో గ్రాఫులో గుర్తిస్తాడు.

ఖర్చు రెండింటికీ ఒక కాగితమే.

శ్రమలో తేడా ఉంది. కిక్కిరిసిన తరగతిలో గంట మోగితే అందరూ తలెత్తుతారు కనుక, మొదటి పద్ధతిలో ఉపాధ్యాయురాలు బల్లను మెల్లగా తట్టడం మేలు. రెండో పద్ధతికి జవాబుల పట్టిక రోజూ సిద్ధం చేయాలి.

అసలు ప్రమాదం మరొకటి. 52 నుంచి 37 తీసివేయమంటే, 7లోంచి 2 తీసేసి 25 అని రాసే పిల్లవాడికి అప్పు తీసుకోవడమే తెలియదు. అతడికి ఈ రెండూ పనికిరావు, ముందు లెక్క నేర్పాలి.

లెక్క వచ్చినా కిటికీ వైపు చూస్తూ సగంలో ఆపేసే పాపకు ధ్యాస పద్ధతి తగినది. కుదురుగా కూర్చున్నా తొందరలో కూడిక, తీసివేత గుర్తులు తారుమారు చేసే బాబుకు పని పద్ధతినే నేను ఎంచుకుంటాను.