ఇన్యో కౌంటీకి వెళ్తే లోన్ పైన్ చూడండి, పడుకోవడం మాత్రం బిషప్‌లో

లాస్ ఏంజిల్స్ నుంచి కొండ మీది స్కీయింగ్ ఊరు మామత్ వెళ్లే మనవాళ్లందరూ 395 హైవే మీద కాలిఫోర్నియాలోని ఇన్యో కౌంటీ ఊళ్లు దాటుకుంటూనే పోతారు, గ్యాస్‌కి (పెట్రోల్‌కి) తప్ప ఎవరూ ఆగరు. మేం ఈసారి మామత్ మానేసి కింద ఓవెన్స్ వ్యాలీలోనే ఉన్నాం. అమ్మానాన్న దర్శి నుంచి వచ్చారు, అక్టోబర్ మొదటి వారం, ఎండ తగ్గింది, కొండల పైరోడ్లు ఇంకా మూయలేదు. పడమర సియెర్రా, తూర్పున వైట్ మౌంటెన్స్, మధ్యలో బల్లపరుపుగా లోయ. అలాస్కా, హవాయి తీసేస్తే దేశంలో అన్నిటికంటే ఎత్తైన మౌంట్ విట్నీ (14,505 అడుగులు), సముద్ర మట్టానికి 282 అడుగులు కిందున్న బ్యాడ్‌వాటర్, రెండూ ఈ కౌంటీలోనే ఉన్నాయి.

ముందు మోటెల్ సంగతి చెప్పాలి, ఇంకా కడుపు మండుతోంది. లోన్ పైన్‌లో ఒక మోటెల్, బుకింగ్ సైట్‌లో రెండు క్వీన్ బెడ్లు, విట్నీ వ్యూ అని ఫొటోలు, రాత్రికి 219 డాలర్లు, టాక్స్‌తో 245.28. సాయంత్రం ఏడింటికి వెళ్తే ఒకే బెడ్డున్న రూమ్ తాళం చేతిలో పెట్టాడు. కిటికీ తెర తీస్తే చెత్త డబ్బా, దాని పక్కన ఐస్ మెషీన్, అది రాత్రంతా గుర్రుమంటూనే ఉంది. మేం నలుగురు పెద్దవాళ్లం, ఒక పిల్ల అని బుకింగ్‌లోనే ఉందండీ అంటే సైట్ వాళ్లని అడగమన్నాడు, సైట్ వాళ్లకి ఫోన్ చేస్తే మోటెల్ ఒప్పుకుంటేనే రిఫండ్ అన్నారు, ఇలా నలభై నిమిషాలు. మడత మంచానికి ఇంకో 25 డాలర్లు అడిగాడు, ఇచ్చాను, దాని స్ప్రింగులు వీపుకి గుచ్చుకుని నాన్న అర్ధరాత్రి లేచి దుప్పటి కార్పెట్ మీద వేసుకుని పడుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. మా ఆవిడ తెల్లారేదాకా మాట్లాడలేదు, అమ్మేమో "పోనీలేరా, ఒక్క రాత్రేగా" అంటూనే ఉంది, ఆ మాట వింటే నాకు ఇంకా కోపం వచ్చింది. కాబట్టి చెప్తున్నా, సైట్లలో బుక్ చేయకండి, నేరుగా మోటెల్‌కి ఫోన్ చేసి ఎన్ని బెడ్లు, ఏ అంతస్తు అని అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి.

పొద్దున్నే అలబామా హిల్స్ వెళ్లాం, టికెట్ లేదు, మట్టిరోడ్డుకి మామూలు కారు చాలు. మోబియస్ ఆర్చ్ అనే రాతి తోరణం దాకా అమ్మ కూడా నడిచింది. విట్నీ కొండ వైపు ఎక్కే విట్నీ పోర్టల్ రోడ్డు ఘాట్‌రోడ్డులా తిరుగుతుంది, పైన ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తిండి కారులో వదలకుండా అక్కడున్న ఇనప పెట్టెల్లో పెట్టాలి.

మంజనార్ అనే పాత నిర్బంధ క్యాంపు దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి, ప్రవేశం ఉచితం. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు జపాన్ మూలాలున్న పదివేల మందికి పైగా మనుషుల్ని, చాలామంది అమెరికాలో పుట్టిన పౌరులే, 1942 నుంచి 1945 దాకా ఇక్కడ ముళ్లకంచె వెనక పెట్టారు. మళ్లీ కట్టిన బ్యారక్‌లోకి వెళ్తే వరసగా మంచాలు, గడ్డి నింపిన పరుపులు, గోడల్లో సందులు. ఆ సందుల్లోంచి ఇసుక వచ్చి పడేదట. మా పాప ప్రశ్న మీద ప్రశ్న వేసింది, మా ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

అక్కడే పాత పియర్ చెట్లు కొన్ని ఉన్నాయి. క్యాంపు కంటే ముందు ఇది పళ్లతోటల ఊరు, నీళ్ల కోసం లాస్ ఏంజిల్స్ సిటీ భూములు కొనేస్తే రైతులు వెళ్లిపోయారు. నాన్న మొదట్నుంచీ అడుగుతూనే ఉన్నారు, "కొండ మీద అంత మంచుంటే ఈ నీళ్లన్నీ ఎటు పోతున్నాయిరా" అని. మన ఇంటికే నాన్నా అన్నాను. 1913లో లాస్ ఏంజిల్స్ దాకా 233 మైళ్ల కాలువ పూర్తిచేశారు, ఎక్కడా పంపు లేకుండా పల్లానికే పారుతుంది, దాంతో కింద ఓవెన్స్ లేక్ ఎండిపోయింది, ఆ దుమ్ము లేవకుండా ఇప్పుడు అదే సిటీ అక్కడ నీళ్లు నిలిపి, కంకర పరుస్తోంది. నాన్నది సాగర్ కుడికాలువ చివరి భూమి, నీళ్ల కోసం రాత్రిళ్లు తూముల దగ్గర కాపలా కాసిన మనిషి. "మరి ఇక్కడి రైతులు ఊరుకున్నారా?" అన్నారు. ఊరుకోలేదు, 1924లో ఆ కాలువ మీది అలబామా గేట్స్ దగ్గర గేట్లు ఎత్తి నాలుగు రోజులు నీళ్లని మళ్లీ లోయలోకి వదిలేశారు అని చెప్తే ఆ ట్రిప్ మొత్తంలో నాన్న ముఖం అంత వెలగడం అప్పుడే చూశాను. వెనక్కి వచ్చేటప్పుడు ఆ గేట్లు చూపించమన్నారు, చూపించాను.

ఇండిపెండెన్స్ కౌంటీ హెడ్‌క్వార్టర్సే గానీ చిన్న ఊరు, కోర్టు భవనం చూసి కదిలాం. బిగ్ పైన్‌లో ట్యాంక్ నింపుకుని, నీళ్ల బాటిళ్లు కారులో వేసుకుని బ్రిసిల్‌కోన్ అనే వేల ఏళ్ల నాటి పైన్ చెట్ల దగ్గరికి ఎక్కండి, పైన గ్యాస్ లేదు, తాగే నీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ లేదు. ఆ చెట్లున్న షుల్మన్ గ్రోవ్ దాకా తారురోడ్డే. పదివేల అడుగుల ఎత్తు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, అమ్మ బెంచీ మీదే ఉండిపోయింది. 4,800 ఏళ్లు దాటిన మెథూసెలా చెట్టు ఇక్కడే, ఏదో మాత్రం చెప్పరు, ఎవరూ పాడుచేయకుండా. దగ్గరికెళ్లి చూస్తే మాను ముప్పాతిక భాగం ఎండి నున్నగా మెలి తిరిగి ఉంటుంది, ఒక పక్కన బెత్తెడు బెరడు మాత్రం బతికుంటుంది, దాన్ని పట్టుకుని పైన పచ్చటి కొమ్మ ఒకటి. కింద సున్నంలా తెల్లటి మట్టి. నాన్న ఆ మట్టి చూసి ఇందులో జిల్లేడు కూడా మొలవదన్నారు.

బిషప్‌లో ఫోన్ చేసి తీసుకున్న రూమ్ 149 డాలర్లు, రెండు బెడ్లు, కింది అంతస్తు, కెటిల్ కూడా ఉంది, అందరూ హాయిగా పడుకున్నారు. ఎరిక్ షాట్స్ బేకరీలో షీప్‌హెర్డర్ బ్రెడ్ వేడివేడిగా కొని అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడితో పార్కులో తిన్నాం, శనివారం ఒక్కపొద్దు కాబట్టి అమ్మకి అదే రాత్రి ఫలహారం, మొత్తం లోఫ్ అయిపోయింది. మర్నాడు బిషప్ క్రీక్ కాన్యన్‌లో లేక్ సబ్రీనా దాకా ఆస్పెన్ ఆకులు పసుపు తిరిగి ఉన్నాయి, పార్కింగ్ కావాలంటే తొమ్మిదిలోపు చేరాలి. చలికోటు, మోకాళ్ల నొప్పులుంటే చేతికర్ర తెచ్చుకోండి, తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం లోపే మొదలుపెట్టండి, సాయంత్రమైతే మామత్ నుంచి దిగే కార్లన్నీ ఈ ఒక్క రోడ్డు మీదే ఉంటాయి.