నిద్రమత్తును పసిగట్టే కెమెరా: సుంకి ఘాట్ దారిలో రెండేళ్ల వాడకం తర్వాత

జయపురం నుంచి కొరాపుట్, సుంకి, సాలూరు మీదుగా విశాఖ తిరిగే మా ఏడు లారీల్లో, డ్రైవరు కునుకుతుంటే అరిచి లేపే ఈ కెమెరాలు బిగించి రెండేళ్లు దాటింది. కొనొచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, కొనండి. కానీ డబ్బాలోంచి తీసి, వచ్చిన సెట్టింగులతోనే వదిలేస్తే మన దారిలో సగం పని కూడా చెయ్యదు. నాలుగు వరసల హైవేని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన సరుకు అది. మనది పొట్టంగి, సాలూరు మధ్య సుంకి ఘాట్ మలుపుల దారి, లోడు బండి మొదటి రెండు గేర్లలో పాకే దారి.

పరికరం అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. మధ్యలో కెమెరా, పక్కన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు. కేబిన్‌లో లైటు లేకపోయినా డ్రైవరు మొహం కనబడేది ఆ దీపాల వల్లే. వాటిలో 850 నానోమీటర్లవి, 940 నానోమీటర్లవి అని రెండు రకాలున్నాయి. 850 రకం చీకట్లో ఎర్రటి చుక్కలా మినుకుతుంది, రాత్రంతా కంటికెదురుగా అది ఉంటే డ్రైవరుకి చిరాకు. 940 రకం కంటికి కనబడదు. పైగా ఎండలోని ఆ కిరణాలను గాలిలో ఉన్న నీటి ఆవిరి చాలావరకు పీల్చేస్తుంది కాబట్టి, పగలు ఎండ మొహమ్మీద పడ్డా బొమ్మ తెల్లగా మాడిపోదు. కొట్టువాణ్ణి అడగాల్సిన మొదటి మాట ఇదే.

రెండో మాట, నిద్రని ఏ లెక్కన పడుతుందని. చవక రకాలకి తెలిసింది ఒకటే: కళ్లు రెండు సెకన్లు మూసుకుంటే అరుస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లలో బండి 33 మీటర్లు పోతుంది. ఘాట్‌లో అయితే అంతలోపే మలుపు వచ్చేస్తుంది. మంచి రకాలు దీంతోపాటు పెర్‌క్లోజ్ అనే లెక్క కూడా చూస్తాయి. రెప్ప కనుపాపను 80 శాతానికి పైగా కప్పేసిన సమయం మొత్తం మీద ఎంత వంతు ఉందో లెక్కేస్తూ పోతాయి. కునుకు పట్టబోయే మనిషి రెప్ప ఒక్కసారిగా పడిపోదు. ముందు నెమ్మదిగా దిగుతుంది, ఇంకా నెమ్మదిగా లేస్తుంది, మామూలుగా రెప్పపాటులో అయిపోయే పని సాగుతుంది. ఆ సాగడాన్ని పెర్‌క్లోజ్ పట్టేస్తుంది, అసలు కునుక్కి ముందే. మాకు పనికొచ్చిన హెచ్చరికల్లో ఎక్కువ ఈ రకానివే. ఇది లేని పెట్టె ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

బిగించే చోటు మీద ఎక్కువ తిప్పలు పడ్డాం. బిగించడానికి వచ్చినవాళ్లు స్టీరింగ్ వెనక డాష్‌బోర్డు నడిమధ్యన అంటించి పోయారు. తిన్నటి రోడ్డు మీద బాగానే ఉంది. హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్ తిప్పగానే మోచెయ్యి, చక్రం అంచు రెండూ కెమెరాకి అడ్డమొచ్చి ‘డ్రైవరు కనబడటం లేదు’ అని అరుపు. ఒక్క ఘాట్ దిగేలోపు అది ఎన్నిసార్లు అరిస్తే డ్రైవరు దాన్ని గుడ్డతో కప్పకుండా ఉంటాడు? చివరికి కుదిరిన చోటు ముందు అద్దం పక్క కుడి స్తంభం లోపలి వైపు. మొహానికి 60 నుంచి 80 సెంటీమీటర్ల దూరం, కంటి మట్టానికి నాలుగు వేళ్లు కిందగా. కుడి సైడ్ అద్దానికి అడ్డం రాకుండా చూడాలి, ఒక బండిలో రెండుసార్లు విప్పి బిగించాల్సి వచ్చింది. జిగురు టేపుని నమ్మొద్దు. మే నెల ఎండలో సాలూరులో బండి నిలిపితే టేపు మెత్తబడి కెమెరా వేలెడంత కిందికి జారుతుంది. అప్పుడు అది చూసేది గడ్డం, కళ్లు కాదు. రెండు స్క్రూలు, స్ప్రింగ్ వాషర్లు వేసి బిగించండి, నెలకోసారి తిప్పి చూడండి.

బిగించాక డ్రైవరుని మామూలుగా కూర్చునేట్టు కూర్చోబెట్టి, తిన్నగా రోడ్డు చూడమని, క్యాలిబ్రేషన్ (కెమెరాని ఆ మనిషికి సరిచేసే మీట) నొక్కాలి. రెండో డ్రైవరు ఎక్కితే మళ్లీ నొక్కాలి. పొట్టి మనిషికి సరిచేసిన కెమెరా పొడుగు మనిషిని ఎప్పుడూ కిందికే చూస్తున్నాడనుకుంటుంది. అర్ధరాత్రి సీటు మారే బళ్లలో మేం ఎక్కువసార్లు మర్చిపోయింది ఇదే.

ఇక అసలు సంగతి వేగం. ఈ పెట్టెలు ఒక వేగం దాటితేనే మేలుకుంటాయి. మాకొచ్చినవి 30 దగ్గర సెట్ అయి ఉన్నాయి. ఆగి ఉన్న బండిలో డ్రైవరు పడుకున్నా అరవకుండా ఉండాలని అలా పెట్టారు, అది సబబే. కానీ సుంకి ఎక్కేటప్పుడు లోడు లారీ వేగం 15, కొన్నిచోట్ల 10. అంటే ఘాట్ ఎక్కినంతసేపూ కెమెరా కళ్లు తెరిచే ఉంటుంది, నోరు మాత్రం విప్పదు. ఎక్కేటప్పుడు ఇంజన్ ఒకే స్వరంలో మోగుతుంటే, వేడి కేబిన్‌లో కునుకు తేలిగ్గా వస్తుంది. ఆ వేగంలో కునికితే ఢీకొట్టడం కంటే బండి వెనక్కి జారడం, లోయ వైపు ఒరగడం ఎక్కువ భయం. అన్ని బళ్లలోనూ దీన్ని 8 కి దించాం. దించడానికి సప్లయరు పాస్‌వర్డు కావాలి, కొనేరోజే రాయించుకోండి. తర్వాత ఫోన్లు ఎత్తరు.

ఆ వేగాన్ని పెట్టె జీపీఎస్ నుంచి తీసుకుంటుంది. కొండని తొలిచిన చోట, చెట్లు కమ్ముకున్న చోట జీపీఎస్ జారిపోతుంది, పెట్టెకి బండి ఆగిపోయినట్టు కనబడుతుంది, హెచ్చరికలు బంద్. వీలుంటే బండి స్పీడ్ సెన్సర్ వైరు నుంచి సిగ్నల్ ఇప్పించండి. కొంచెం తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి గంట పని. ఏడింటిలో అయిదు బళ్లకి కుదిరింది. మిగతా రెండు పాతవి, వాటికి జీపీఎస్సే గతి.

కరెంటు విషయానికొస్తే, సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టొద్దు, గతుకులకి ఊడిపోతుంది. ఫ్యూజ్ బాక్స్‌లో తాళం తిప్పితే వచ్చే లైను నుంచి తీసి, మధ్యలో 2 ఆంపియర్ల ఫ్యూజు వేయించాలి. ఎర్తు వైరు రంగు గీకిన బోల్టుకి బిగించాలి. కనెక్షన్ల గోల ఎక్కువగా ఇక్కడే వస్తుంది. బ్యాటరీలు నీరసించిన బండిలో సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ పడిపోయి పెట్టె మళ్లీ మొదటినుంచి లేస్తుంది, దానికి నిమిషం దాకా పడుతుంది. టీ తాగి వెంటనే కదిలితే ఆ నిమిషం కాపలా లేనట్టే. బండి ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే సదుపాయం వాడితే, 24 వోల్టులకు దిగగానే ఆగిపోయేట్టు పెట్టండి. లేకపోతే తెల్లారి తోయించుకోవాలి.

మెమరీ కార్డు మామూలుది వేస్తే నెలల్లో చచ్చిపోతుంది, ఆగకుండా చెరిపి రాస్తుంటుంది కదా. నిఘా కెమెరాలకని అమ్మే కార్డే వెయ్యాలి. పొట్టంగి దాటాక సాలూరు దగ్గర పడేదాకా ఫోన్ సిగ్నల్ ఉండీ ఉండనట్టుంటుంది, కాబట్టి ఘాట్‌లో జరిగింది జయపురంలో కూర్చున్నవాళ్లకి వెంటనే తెలుస్తుందని ఆశపడొద్దు. క్లిప్పు కార్డులో ఉండి, కింద సిగ్నల్ దొరికాక వస్తుంది. డ్రైవరుని లేపేది పెట్టెలోని స్పీకరే, ఆఫీసు కాదు.

తప్పు హెచ్చరికల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఈ పరికరం బతికేదీ చచ్చేదీ వాటి దగ్గరే. ఖైనీ నోట్లో పెట్టుకుంటే సిగరెట్ అంటుంది. చెవి గోక్కుంటే ఫోన్ అంటుంది. మలుపులో ఎడమ అద్దం చూస్తే దృష్టి మళ్లిందంటుంది. ఘాట్‌లో ఎడమ అద్దం చూడనివాడు డ్రైవరే కాదు. అందుకని దృష్టి మళ్లే సమయాన్ని రెండు సెకన్ల నుంచి నాలుగుకి పెంచాం, ఆవలింతకి అరుపు తీసేసి లెక్కలో మాత్రం ఉంచాం, సిగరెట్ హెచ్చరిక పూర్తిగా ఆపేశాం. కళ్లు మూసుకున్నప్పటి కూతకీ, పెర్‌క్లోజ్ కూతకీ మాత్రం శబ్దం పూర్తిగా పెట్టాం. అరిచేవి రెండే రకాలైతే డ్రైవరు చెవి ఇస్తాడు, పది రకాలైతే ఏదీ వినడు.

ఒక్క తప్పు హెచ్చరికని మాత్రం తగ్గించలేదు. రాత్రి బయల్దేరిన బండి తెల్లవారుజామున సుంకి దిగి సాలూరు చేరేసరికి ఎండ ఎదురుగా మొహంలో కొడుతుంది, దారి తూర్పు ముఖం కదా. డ్రైవరు కళ్లు చికిలిస్తాడు, కెమెరా దాన్ని నిద్ర అనుకుంటుంది. ఎండవల్లే అని డ్రైవర్లు గొడవ చేశారు, కొంతవరకు నిజం కూడా. కానీ రాత్రంతా మేలుకున్న మనిషికి ఒళ్లు తూలేది కూడా ఆ వేళే. మామూలుగా రాత్రి రెండు నుంచి ఆరు దాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర ఒత్తిడి ఎక్కువ. ఏది ఎండో ఏది నిద్రో పెట్టె విడదీయలేనప్పుడు, దాన్ని మొద్దుబార్చడం కంటే వైజర్ దించుకోమనడం మేలు. నల్లకళ్లద్దాల్లో చాలావాటిలోంచి ఇన్‌ఫ్రారెడ్ చూడగలదు, అద్దంలా మెరిసే పూత ఉన్నవాటితో కష్టం. చదువు కళ్లద్దాలున్నవాళ్లకి దీపాల మెరుపు గాజు మీద పడి కళ్లు కనబడకపోతే, కెమెరాని రెండు వేళ్లు పక్కకి జరిపితే సర్దుకుంటుంది.

పరీక్ష ఇలా చెయ్యండి. బండి ఆపి, పెట్టెలో టెస్ట్ మోడ్ పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని కళ్లు మూసుకోండి. పక్కనున్నవాళ్లు ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఎన్ని సెకన్లకి అరిచిందో రాసుకోవాలి. పగలు ఒకసారి, లైట్లార్పి ఒకసారి, కళ్లద్దాలతో ఒకసారి. రాత్రి పరీక్షలో తప్పినది పగలు ఎంత బాగా పనిచేసినా వాపసు చెయ్యండి.

కూత విన్నాక ఏం చెయ్యాలో ముందే మాట అనుకోకపోతే ఇదంతా వృథా. మా దగ్గర మాట ఇది: గంటలోపు రెండోసారి నిద్ర కూత వస్తే బండి పక్కకి తియ్యాలి, ఆలస్యానికి బత్తాలో కోత ఉండదు. ఎక్కే దారిలో సాలూరు, దిగే దారిలో పొట్టంగి, ఘాట్ మొదలవకముందే ఆగే చోట్లు. ఘాట్ అంచున ఆపి పడుకోకూడదు. టీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు నడుం వాల్చాలి, లేచేసరికి టీ పనిచెయ్యడం మొదలుపెడుతుంది. లేచాక పది పదిహేను నిమిషాలు బుర్ర మొద్దుగానే ఉంటుంది, మొహం కడుక్కుని టైర్లు చూసుకుని అప్పుడు స్టీరింగ్ పట్టాలి. క్లిప్పులు చూపించి జీతం కోసే యజమానుల బళ్లలో కెమెరా మీద ఎప్పుడూ టేపు ఉంటుంది, అందులో డ్రైవర్ల తప్పేమీ లేదు. 2025లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకి ఎనిమిది గంటలు, అయిదు గంటల పనికి కనీసం అరగంట విరామం అంది. పద్నాలుగు గంటలు తోలించి కెమెరా పెట్టడం రక్షణ కాదు.

ఇంకో ఉపయోగం మేం ఊహించలేదు. రాత్రి నిండా పడుకుని వచ్చినా పగలే పదేపదే పెర్‌క్లోజ్ కూత వచ్చే మనిషిని రెండు ప్రశ్నలు అడగాలి. జలుబుకో దురదకో మాత్ర వేసుకున్నావా? వాటిలో చాలా రకాలు మత్తు తెస్తాయి. నిద్రలో గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తావా? అలాగైతే డాక్టరుకి చూపించాలి, అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు, దానికి వైద్యం ఉంది.

కళ్లు తెరిచే ఉండి మనసు ఎక్కడో ఉన్న మనిషిని ఇది పట్టలేదు. ఇంకా తీరని లోటు ఒకటుంది. డిసెంబరు, జనవరిలో కొరాపుట్ పీఠభూమి చలికి డ్రైవర్లు మంకీ క్యాప్ నుదుటి దాకా లాగి, మఫ్లరు ముక్కు దాకా చుడతారు. మొహంలో మిగిలేది కళ్ల గీత ఒక్కటే, పెట్టె మొహాన్నే గుర్తుపట్టదు. పైగా పొగమంచు రాత్రుల్లో కెమెరా గాజు మీద ఆవిరి పడుతుంది. ఆవిరికి మెత్తటి పొడి గుడ్డ సీటు పక్కన పెట్టుకుని ప్రతి ఆగుడులో తుడుస్తున్నాం. మఫ్లరుకి మాత్రం ముక్కు కిందికి దించుకోమని చెప్పడం తప్ప దారి దొరకలేదు.