మెథోట్రెక్సేట్ ఏడేళ్లు వాడాక

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, అంటే కీళ్లవాతానికి, నేను మెథోట్రెక్సేట్ మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది, డాక్టర్ కొత్తగా ఈ మందు రాసిస్తే కొందరు ఇది కేన్సర్ మందని చదివి భయపడి మానేస్తున్నారు, అందుకే రాస్తున్నా. కేన్సర్‌కి వాడే డోసు వేరు, కీళ్లకి వాడేది చాలా తక్కువ.

అసలు ఈ మందు దాకా రావడానికే నాకు ఎనిమిది నెలలు పోయాయి. పొద్దున్నే పిడికిలి బిగిద్దామంటే వేళ్లు ముడుచుకునేవి కావు, గంటన్నర గడిస్తే గానీ దువ్వెన పట్టుకోలేకపోయేదాన్ని, రెండు చేతులకీ ఒకేలా. మొదట చూపించుకున్న చోట ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష) నెగటివ్ కాబట్టి వాతం కాదు అన్నారు, నేనూ నమ్మి నొప్పి మాత్రలు మింగుతూ గడిపా. తర్వాత చూసిన రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) రిపోర్టులు పక్కనపెట్టి ముందు ఒక్కో కణుపూ నొక్కి చూశారు, ఆ తర్వాతే ఈ జబ్బుకే చేసే యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష రాశారు, అది బాగా ఎక్కువొచ్చింది. ఆర్‌ఎఫ్ నెగటివ్ వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఎముక ఒకసారి అరిగి గుంట పడితే మళ్లీ పూడదు, నా కుడి చూపుడువేలి ఎక్స్‌రేలో ఆ గుంట ఇప్పటికీ ఉంది, ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే చాలా బాధేస్తుంది.

ఇది నొప్పి మాత్ర కాదు, వేసుకున్న రోజు ఏమీ తెలీదు. 6 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి, అప్పటిదాకా కొంచెం స్టెరాయిడ్ ఇచ్చి తగ్గించుకుంటూ వచ్చారు. నాకు తొమ్మిదో వారంలో ఒకరోజు సీసా మూత మామూలుగా తిప్పేశా, తిప్పాక గానీ గమనించలేదు, అక్కడే కూర్చుని ఏడ్చేశా.

వికారం మాత్రం నిజం. మర్నాడంతా కడుపులో తిప్పేది, ఫోలిక్ యాసిడ్‌తో కొంత తగ్గింది, 20 మి.గ్రా. దగ్గర ఇంజెక్షన్‌కి మార్చాక దాదాపు పోయింది.

ఒక్కటి మాత్రం ప్లీజ్ గుర్తుపెట్టుకోండి, వారానికి ఒక్కరోజే, నాది ఆదివారం. నేను ఇంకా మాత్రలు వాడేటప్పుడు ఒకసారి మందుల షాపులో కవర్ మీద రోజూ ఒకటి అని రాసిచ్చారు, చీటీతో పోల్చి చూసుకున్నా కాబట్టి సరిపోయింది, అలా రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. నోట్లో పుండ్లు, ఆగని దగ్గు, జ్వరం వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడు అస్సలు వాడకూడదు, పిల్లల కోసం అనుకుంటుంటే ముందే అడగండి. నాకు మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్, కిడ్నీ టెస్టులు చేస్తారు, ఒక్కసారి లివర్ ఎంజైములు పెరిగితే డోసు 15కి తగ్గించారు, మళ్లీ సర్దుకుంది.

ఇప్పుడు పొద్దుటి పట్టేయడం పది నిమిషాలే. అలసట మాత్రం పోలేదు, సోమవారం మధ్యాహ్నం పడుకోవాల్సిందే, దానికి ఇంకా దారి దొరకలేదు.