మోజెల్ డ్రై రీస్లింగ్: మొదటి గ్లాసుకే తీర్పు చెప్పేయకండి

రీస్లింగ్ (ఒక తెల్ల ద్రాక్ష రకం, దాంతో చేసే వైన్ పేరూ అదే) అనగానే ఆ తియ్యటి వైనే కదా అంటారు చాలామంది, నేనూ చాన్నాళ్ళు అలానే అనుకుని దానివైపు చూళ్ళేదు. ఈసారి జర్మనీలో మోజెల్ లోయలోని ఒక చిన్న ఎస్టేట్ వాళ్ళ ట్రోకెన్ తెచ్చుకుని మూడు రోజులు కొంచెం కొంచెంగా తాగి చూసి మరీ రాస్తున్నా.

ట్రోకెన్ అంటే డ్రై, అంటే తీపి తెలియని వైన్. అలాగని చక్కెర అస్సలు ఉండదని కాదు, లీటరుకి 4 గ్రాముల దాకా ఉండొచ్చు, పులుపు కూడా దానికి తగ్గట్టు గట్టిగా ఉంటే 9 గ్రాముల దాకా ఉన్నా ట్రోకెన్ అనే రాసుకోవచ్చు, అది అక్కడి రూల్. లేబుల్ చూసి ఏమీ అర్థం కాకపోతే ఆల్కహాల్ శాతం చూడండి. 8 దగ్గర ఉందంటే చక్కెర చాలావరకు పులియకుండా మిగిలిపోయినట్టే, 11.5, 12 ఉంటే దాదాపు డ్రైయే. నాది 11.5.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోసేసుకున్నా, అదే తప్పు. నిమ్మతొక్క వాసన లీలగా, నోట్లో పులుపు, అంతే, పళ్ళు జివ్వుమన్నాయి. ఇంత చప్పగా ఉందేంటి అనుకుని గ్లాసు పక్కన పెట్టేసి ఒక ఇరవై నిమిషాలయ్యాక మళ్ళీ చూస్తే గ్లాసు మీద చెమట ఆరిపోయింది, లోపల వేరే వైన్ ఉన్నట్టుంది! పచ్చి ఆపిల్, ఇంకా పండని పీచ్ తొక్క, వాటి వెనకాల చిన్నప్పుడు తడిగుడ్డతో పలక తుడిస్తే వచ్చేదే ఆ వాసన, అచ్చం అదే. మోజెల్ కొండవాలు నిండా ఉండేది కూడా పలకరాయే, పగలంతా ఎండకి కాగి రాత్రి ఆ వేడిని తీగలకి ఇస్తుంది. రాతి రుచి వేళ్ళలోంచి నేరుగా ద్రాక్షలోకి ఎక్కదని సైన్స్ వాళ్ళు అంటారు, నిజమే కావచ్చు గానీ నా ముక్కుకి మాత్రం పలకే తగిలింది.

దీంట్లో అసలు విషయం పులుపు. నాలుక పక్కల్లో చురుక్కుమని మొదలై నోరూరించి, మింగాక కూడా చాలాసేపు ఉంటుంది, చివర్లో కొంచెం ఉప్పదనం. ఓక్ చెక్క పీపాల వాసన లేదు, వెన్న వాసన లేదు, దాచుకోవడానికి ఏమీ లేని వైన్, అందుకే నాకు ఇంత నచ్చింది.

రెండో రోజు ఇంకా బాగుంది, పీచ్ పైకొచ్చింది, కిరసనాయిలు లాంటి వాసన కూడా కొద్దిగా తగిలింది. అది చూసి పాడైపోయిందని పారబోయకండి, టీడీఎన్ అనే పదార్థం వల్ల వచ్చేది అది, ఎండ బాగా తగిలిన ద్రాక్షలో ఎక్కువ, బాటిల్‌లో ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తేలుతుంది. మూడో రోజు మాత్రం కాస్త నీరసపడింది. బాటిల్ అడుగున గాజుపొడిలా మెరిసే స్ఫటికాలు కనిపించాయి, అవి టార్టారిక్ ఆమ్లం తాలూకువి, ప్రమాదం ఏమీ లేదు.

ఒక్క కంప్లైంట్ ఏంటంటే చక్కెర ఎంత, పులుపు ఎంత అని వెనక లేబుల్ మీద ఒక్క ముక్క కూడా రాయలేదు, కొనేవాడికి కావాల్సిందే అది కదా.

8 నుంచి 10 డిగ్రీల మధ్య పోసుకోండి, అంతకంటే చల్లగా వద్దు. పులుపు అస్సలు పడదనుకునేవాళ్ళు ఇది కాకుండా ఫైన్‌హెర్బ్ అని రాసి ఉన్నది చూసుకోండి, అందులో కాస్త తీపి ఉంటుంది. నేనైతే ఇదే ఇంకో రెండు తెచ్చి చీకట్లో పడుకోబెట్టా, ఒకటి ఐదేళ్ళ దాకా ముట్టుకోను.